ముంగిటికి వచ్చిన డ్రాగన్ పండు

ఓరుగల్లు సీమలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అను మూడు పట్టణములు కలవు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఈ మూడును మూడు క్రొత్త జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. వాని నేలలు మాత్రము ఒక్క తీరున ఉండవు. జనగామ చుట్టును ఎఱ్ఱని చల్కలు, రాతిగుట్టలు, వానకై ఎదురుచూచు చెరువులు కనబడును. మానుకోట అను పాతపేరు గల మహబూబాబాద్ వైపు పోయినచో, కళ్లములలో ఎండుచున్న మిరపపండ్లు కన్నులకు ఎఱ్ఱతివాచీవలె తోచును. భూపాలపల్లిలో నేలపైన అడవి, నేలక్రింద బొగ్గు. ఆ జిల్లాలోని కాళేశ్వరము కడ ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియును.

ఇట్టి వేర్వేరు నేలలలో ఇటీవల ఒకే క్రొత్త మొక్క చోటు చేసికొనుచున్నది. ఇంటి డాబాపైన పాత డ్రమ్ములోను, పెరటి గోడప్రక్కను, అక్కడక్కడ పొలములలో రాతికడీల మీదను అది ప్రాకుచుండును. దానికి ఆకులు లేవు. మూడు పలకలుగ నున్న పచ్చని కాడలే దాని దేహము. ఆ పలకల అంచులందు పొట్టి ముండ్లు గుంపులు గుంపులుగ ఉండును. చూచినవారు మొదట, "ఇది జెముడు కాదా?" అని ప్రశ్నింతురు. ఆ ప్రశ్న సరియైనదే. డ్రాగన్ పండు కాచు ఈ తీగ, మన గుట్టలమీది నాగజెముడునకు చుట్టము. రెండును ఒక్క కుటుంబములోనివి. రెండింటి పూర్వస్థానమును అమెరికా ఖండమే.

ఈ పండు జన్మభూమి మెక్సికో, మధ్య అమెరికా దేశములు. అచటివారు దీనిని పితాయ అందురు. 19వ శతాబ్దమున ఫ్రెంచివారు దీనిని వియత్నామునకు తెచ్చిరని చెప్పుదురు. కాయపైనుండు పచ్చని రెక్కలు పొలుసులవలె కనబడుటచే అచటి జనులు దీనిని పచ్చని డ్రాగన్ అను అర్థము వచ్చునట్లు పిలిచిరి. డ్రాగన్ అనగా చీనా మొదలగు దేశముల కథలలో కానవచ్చు పొలుసుల మహాసర్పము. 2021 జనవరిలో గుజరాత్ ప్రభుత్వము, ఆకారమున తామరపువ్వును పోలియుండుటచే దీనిని కమలమని పిలువనెంచినట్లు ప్రకటించెను. ఒక్క పండు మూడు చోట్లు తిరిగి మూడు పేర్లు ధరించినది. అయినను ఒక దేశపు పండు మరియొక దేశమునకు సొంతమగుట పేరు మార్చినంత మాత్రమున జరుగునా? అందుకు మరేదియో కావలెను.

ముండ్ల మొక్కను ఇంట పెంచుటకు మన పెద్దలు సాధారణముగ ఇష్టపడరు. మనుమడు ఒక కాడముక్కను తెచ్చి డ్రమ్ములో నాటబోవునపుడు, నాయనమ్మ తప్పక అడ్డుపడును.

"బిడ్డా, ముండ్ల చెట్టును ముంగిట నాటుదురా? ఇంటికి అరిష్టము కాదా?"

"నాయనమ్మా, గులాబికిని ముండ్లున్నవి కదా! నీవు పూజచేయు బ్రహ్మకమలము దీనికి అక్కవంటిది."

ఈ మాటతో ఆమె నోరు మెదపకుండును. మనుమడు చెప్పినది వట్టి చమత్కారము కాదు. తెలుగువారి ఇండ్లలో కుండీలయందు పెంచుచు, బ్రహ్మకమలమని పిలుచు మొక్క హిమాలయములలోని నిజమైన బ్రహ్మకమలము కాదు. అదియు అమెరికానుండి వచ్చిన జెముడు జాతి మొక్కయే. అది రాత్రి పూచి తెల్లవారునప్పటికి వాడిపోవును. పూచిన రాత్రి ఇరుగుపొరుగువారిని పిలిచి, దీపము పెట్టి, హారతియిచ్చు గృహములు ఎన్నియో కలవు. అనగా డ్రాగన్ పండు మన ముంగిటికి రాకమునుపే దాని బంధువు మన పూజలను అందుకొన్నది.

ఈ మొక్క మన ఎండలకు తట్టుకొను తీరు తెలిసికొనదగినది. సాధారణముగ చెట్లు పగటివేళ తమ సూక్ష్మరంధ్రములను తెరచి బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డై ఆక్సైడును, లోనికి తీసికొనును. అపుడు వాని దేహములోని నీరు కొంత ఆవిరియై పోవును. జెముడు జాతి మొక్కలు ఇందుకు విరుద్ధముగ చేయును. పగలు రంధ్రములను మూసికొని, రాత్రి చల్లనివేళ తెరచి, ఆ వాయువును ఆమ్లరూపమున దాచుకొనును. తెల్లవారిన పిదప సూర్యకాంతితో ఆహారమును వండుకొనును. బిందెడు నీటికొరకు బోరుబావి కడ వేచియుండు ఊళ్లవారికి ఈ పొదుపరితనము మెచ్చదగినదిగ తోచును.

అయితే ఇచట ఒక పొరపాటు జరుగుటకు వీలున్నది. జెముడు కావున ఇది ఎడారి మొక్కయని తలచి, మండుటెండలో వదలివేయువారు కలరు. ఇది ఎడారిలో పుట్టినది కాదు. స్వదేశమున అడవిచెట్ల మొదళ్లను, బండలను పట్టుకొని, పలుచని నీడలో ప్రాకునట్టి తీగ. కాడలనుండి గాలిలోనికి వ్రేళ్లను పంపి ఆధారమును కరచుకొనును. మన మే నెల ఎండ 40 డిగ్రీలు దాటినపుడు, దీని కాడలు పసుపువన్నెకు తిరిగి, మాడి, పిదప క్రుళ్లును. అందుచే వేసవిలో పలుచని నీడవల కట్టవలెను, లేదా సాయంకాలపు ఎండను ఆపునట్టి గోడప్రక్కను పెట్టవలెను. దాని పుట్టినింటి అలవాటును తెలిసికొని, ఆ సదుపాయమును మన ఇంట కల్పించుటయే దానిని పెంచు రహస్యము.

పెంచు పద్ధతి కష్టమైనది కాదు. గింజనుండి పెరిగిన మొక్క కాపునకు చాలయేండ్లు తీసికొనును. కావున కాడముక్కను నాటుట మేలు. జానెడు పొడవుగల ముదురు కాడను కోసి, కోసినచోటు ఆరువరకు ఐదారు దినములు నీడలో ఉంచవలెను. పచ్చిగాయముతో నాటినచో మన్నులోని తేమకు అది క్రుళ్లిపోవును. డ్రమ్మునకు అడుగున తప్పక రంధ్రములు చేయవలెను. ఎఱ్ఱమన్ను, ఇసుక, బాగుగ మాగిన పశువుల ఎరువు కలిపి నింపి, నడుమ ఐదారడుగుల కడీని గాని గట్టి గొట్టమును గాని నిలుపవలెను. కాడను తలక్రిందులు చేయక, పెరుగుచుండిన దిక్కునే పైకుండునట్లు నాటి, పాతగుడ్డ పేలికతో కడీకి కట్టవలెను.

ప్రక్కలకు పొడుచుకొని వచ్చు పిలకలను తొలగించి, ఒక్క కాడనే పైకి పోనిత్తురు. కడీ తలపైన అరిగిపోయిన బండిటైరు నొకదానిని గట్టిగ అమర్తురు. కాడ ఆ టైరును దాటిన పిదప దాని కొసను త్రుంచినచో, కొమ్మలు గొడుగువలె నలువైపుల వ్రేలాడును. పూలు పూయునవి ఆ వ్రేలాడు కొమ్మలే. నీరు పెట్టుటలో చేయి బిగబట్టవలెను. మన్ను పైపొర ఎండిన తరువాతనే నీరు పోయవలెను. ఎండకంటె నిలువ నీరే ఈ మొక్కకు పెద్ద శత్రువు. ప్రేమతో దినదినమును చెంబెడు నీరు పోసి చంపిన మొక్కలు అనేకములు.

ఇక వేచియుండుటయే పని. కాడ నాటిన ఏడాదిన్నర మొదలు మూడేండ్ల లోపల తొలికాపు వచ్చును. ఆ నడుమ ఇంటివారి ఓర్పునకు పరీక్ష జరుగును. "పండు లేదు, పువ్వు లేదు, ఈ ముండ్లకంప ఎందులకు?" అని ఒకరు, "తీసివేసి టమాట నాటుదము," అని వేరొకరు. ఓర్చినవారికి, వానకాలపు తొలిదినములలో ఒకనాడు, కాడ అంచున పచ్చని మొగ్గ కనబడును. రెండు మూడు వారములలో అది అడుగు పొడవునకు ఎదుగును. ఒక సాయంకాలము ప్రొద్దుగ్రుంకిన పిదప మెల్లగ విచ్చుకొనుట మొదలిడి, రాత్రి నడిజామునకు వెన్నెలముద్దవలె తెల్లగ నిండుగ వికసించును. మరునాటి ఎండ తగులగనే వాడిపోవును. దాని ఆయువు ఒక్క రాత్రి మాత్రమే.

స్వదేశమున ఆ రాత్రి గబ్బిలములును, చీకటిలో తిరుగు పెద్ద పురుగులును వచ్చి పుప్పొడిని చేరవేయును. పట్టణపు డాబామీదికి అవి రావచ్చును, రాకపోవచ్చును. పైగా ఎఱ్ఱని గుజ్జుగల రకములలో పెక్కింటికి తమ పుప్పొడి తమకు పనికిరాదు. మరియొక రకపు పుప్పొడి కావలెను. అందుచే మెలకువ గలవారు దీపము పట్టుకొని పైకెక్కి, మెత్తని కుంచెతో పుప్పొడిని తీసి, పూవు నడుమనున్న కీలాగ్రమున అద్దుదురు. ఇంటిల్లిపాదియు మేలుకొని చేయు ఆ పని ఐదు నిమిషములకు మించదు. కాని దాని ఫలితముగ నెలదినములలో ఒక కాయ గులాబివన్నెకు తిరుగును. గబ్బిలము చేయవలసిన పనిని బాలుడు చేసినాడు. అందుచే ఆ పండులో అతనికిని ఒక వంతు చెందుచున్నది.

ఇంట పెంచుటలోని ముఖ్యప్రయోజనము ఇప్పుడు తెలియును. మామిడికాయను కోసి గడ్డిలో పెట్టినచో మాగి తీయనగును. డ్రాగన్ పండు అట్టిది కాదు. కోసినపుడు ఎంత తీపియో అంతే, పిదప పెరుగదు. దూరపు అంగళ్లకు పంపువారు దారిలో చెడిపోకుండ ముందుగనే కోయుదురు. అందువలననే కొనితెచ్చిన పండును తిని, "ఇందులో రుచి ఏమున్నది?" అని పెదవి విరచువారు పెక్కుమంది. చెట్టుననే పూర్తిగ రంగు తిరిగిన పిదప మరి నాలుగు దినములు ఆగి కోసిన పండును రెండుగ చీల్చి, గుజ్జును చెంచాతో తీసి తినినపుడు దాని అసలు రుచి తెలియును. అప్పుడును అది మామిడితో పోటీపడదు. చల్లని, మృదువైన, కొంచెము పులుపు సోకిన తీపి అది. నల్లని చిన్నగింజలు నువ్వులవలె పంటిక్రింద చిటపటలాడును. వానిని ఉమ్మనక్కరలేదు. ఎఱ్ఱగుజ్జు పండు తినిన మరునాడు మూత్రము ఎఱ్ఱవారినచో భయపడనక్కరలేదు. బీటురూటులోని రంగువంటిదే అది.

ఈ పండును గూర్చి ఒక అపోహ మన ఊళ్లలో వ్యాపించియున్నది. డెంగీ జ్వరము వచ్చినపుడు రక్తములోని ప్లేట్‌లెట్లు తగ్గును. ఈ పండు తినిన అవి వెంటనే పెరుగునని జనులు నమ్మి, అప్పుచేసియైనను కొందురు. దీనికి తగిన రుజువు లేదు. రోగి కోలుకొనునపుడు ప్లేట్‌లెట్లు సాధారణముగ తమంతట తామే పెరుగును. రోగికి కావలసినవి వైద్యుని పర్యవేక్షణ, తగినంత ద్రవాహారము, విశ్రాంతి. ఈ పండులో అధికభాగము నీరు; కొంత పీచు, కొంత సి విటమిను ఉన్నవి. మన జామపండులో సి విటమిను ఇంతకంటె ఎంతయో ఎక్కువ. పండును పండుగ తినవలెను. మందని నమ్మి ఆసుపత్రికి పోవుట ఆలస్యము చేసినచో ప్రాణమునకే ముప్పు.

లాభమును గూర్చియు ఇట్టి తొందరయే కలదు. 2023లో కేంద్రప్రభుత్వము, దేశములో సుమారు 3,000 హెక్టార్లలో నున్న ఈ సాగును ఐదేండ్లలో 50,000 హెక్టార్లకు పెంచవలెనని సంకల్పించి, కర్ణాటకలోని హీరేహళ్లిలో ఈ పంటకై ఒక విశిష్ట పరిశోధన కేంద్రమునకు అనుమతి ఇచ్చెను. పొలములో వందలకొలది కడీలు పాతుటకు మొదటనే పెద్ద పెట్టుబడి కావలెను. కాపు మాత్రము తరువాత వచ్చును. అందరును ఒకేసారి నాటినచో ధర పడిపోవుటయు కలదు. పొరుగువాని లాభమును విని, అప్పుతెచ్చి, ఎకరములు నింపుటకంటె, ముందుగ పెరటిలో ఒకటి రెండు మొక్కలు పెంచి, దాని గుణదోషములను స్వయముగ తెలిసికొనుట రైతుబిడ్డకు క్షేమము. డ్రమ్ములో చచ్చిన మొక్క పాఠము చెప్పును. పొలములో చచ్చిన తోట ఇల్లు గుల్ల చేయును.

క్రొత్తదానిని చూచి వెఱ్ఱిగ వెంటబడుటయు, పరాయిదని త్రోసివేయుటయు రెండును తెలివికి దూరమే. మానుకోట కళ్లములలో ఎండు మిరప, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చినది. జనగామ గుట్టలమీది సీతాఫలము, పెరటిలోని జామ, బొప్పాయి, చేనిలోని వేరుసెనగ, మొక్కజొన్న, కూరలోని టమాట—ఇవన్నియు అమెరికా ఖండమునుండి వచ్చిన అతిథులే. నేడు మిరప లేని తెలుగు భోజనము ఊహకు కూడ అందదు. దానిని మనదిగ చేసినది ఏ రాజశాసనమును కాదు. తరతరముల రైతులు దాని గుణమెరిగి సాగుచేసిరి. తల్లులు దానిని రోటిలో నూరిరి. పొరుగువారు గుప్పెడు గింజలు ఒకరికొకరు ఇచ్చికొనిరి.

డ్రాగన్ పండు తీగకును అదియే మార్గము. ప్రతి యేటను కత్తిరింపువేళ పనికిరాదని పారవేయు కాడలు పది ఇండ్లకు సరిపోవును. ఒక జానెడు కాడ భూపాలపల్లిలోని గనికార్మికుని వాకిటికి పోవచ్చును. మరియొకటి జనగామలోని పాఠశాల తోటకు చేరవచ్చును. దానితోబాటు, "నీరు ఎక్కువ పోయకుము, మే నెలలో నీడ కట్టుము," అను రెండు మాటలు కూడ పోవలెను. అవి తెలిసిన చేతులలో పడినచో ఆ జానెడు కాడ బ్రతుకును.