నానీ కూర్చునే సీటు

మా భాంజాకు బండ్ల షౌక్. మిర్చి కమీషన్ దుకాణంలో నాలుగేళ్లు లెక్కలు రాసి, కూడబెట్టిన పైసలతో పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కొన్నాడు. ఎర్ర రంగు, 2018 మోడల్. చూడ్డానికి నాలుగు మీటర్ల లోపు చిన్న బండి. బానెట్ కింద 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 హార్స్ పవర్, ఏడు గేర్ల ఆటోమేటిక్. ఈ జీటీ మన దేశంలోకి 2013లో వచ్చింది. 2022లో పోలో తయారీనే ఇక్కడ ఆపేశారు. ఆపేశాక దాని మీద కుర్రాళ్ల మొహబ్బత్ ఇంకా పెరిగింది.

బండి మీద నాకేం షికాయత్ లేదు. ఉన్నదల్లా దాని పాత ఓనర్ షౌక్ మీద. ఆయనెవరో బండికి 17 అంగుళాల అల్లాయ్ వీల్స్, పట్టీల్లాంటి సన్నటి టైర్లు, నేలకు దించే పొట్టి స్ప్రింగులు వేయించాడు. ఆగి ఉన్నప్పుడు చూస్తే మాషా అల్లా, పొంచి కూర్చున్న చిరుతలా ఉంటుంది. దాంట్లో కూర్చుని పర్చూరు నుంచి చిలకలూరిపేట దాకా వస్తే తెలుస్తుంది అసలు సంగతి. ఉర్దూలో సఫర్ అంటే ప్రయాణం, ఇంగ్లీషులో సఫర్ అంటే బాధ అని మా స్కూల్లో ఉస్తాద్‌లు పాత జోకొకటి చెప్పి నవ్వించేవారు. ఆ రోడ్డు మీద ఆ బండిలో రెండూ ఒకటే.

అమ్మీ పర్చూరులో ఆపా దగ్గర ఉంటుంది. (పర్చూరు 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. మా నోటికి ఇంకా ప్రకాశమే.) డెబ్బై నాలుగేళ్లు. ఎముకలు గుల్లబారి వెన్నుపూస ఒకటి నలిగింది. గుంటూరులో డాక్టర్‌కి చూపిస్తున్నాం. కుదుపులు తగలకుండా తీసుకురండి అని ఆయన చెప్పాడు. మొదటిసారి భాంజా తన కొత్త బండిలో నానీని ఎంతో ఫఖర్‌గా తీసుకొచ్చాడు. ఎలా ఉందమ్మీ అంటే, “బాగుంది బేటా, విమానం లాగుంది” అంది. తర్వాతి నెల డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజున, “నక్కో రే, నొప్పి తగ్గిపోయింది, డాక్టరెందుకు” అని మంచం దిగలేదు. రాత్రి ఆపా ఫోన్ చేసి అసలు విషయం చెప్పింది. పోయినసారి వెళ్లొచ్చాక రెండు రోజులు నమాజ్ కుర్చీలో కూర్చునే చదివిందట. మనవడి దిల్ నొచ్చుకుంటుందని నోరెత్తలేదు. మన ఇళ్లలో పెద్ద ఆడవాళ్ల “పర్వాలేదు”ని పైకి కనిపించేదానికంటే లోతుగా చదవాలి.

వాడు ఆ ఫోన్ మాటలు విన్నాడు. బండి అమ్మేస్తానన్నాడు. పైసలు మిగలని ఇంట్లో ఒక కుర్రాడు నాలుగేళ్లు దాచి కొనుక్కున్న వస్తువు అది. అమ్మొద్దు, ముందు జబ్బేమిటో తెలుసుకుందాం అన్నాను. ఇరవై ఏళ్లుగా పేపర్లో మిర్చి ధరలూ, పత్తికి పట్టిన పురుగులూ రాసుకునేవాణ్ని. నాకు వచ్చింది సవాళ్లడగడం ఒక్కటే. గుంటూరులో మాకు తెలిసిన ఉస్తాద్ షెడ్డుకు బండి తీసుకెళ్లి, రెండు రోజులు ఆయన్ని అడిగిందే అడిగాను.

ముందు మన రోడ్డు సంగతి. పత్తీ మిరపా పండించే మన రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చెయ్యి దూరేంత పగుళ్లు ఇస్తుంది. అందులో ఉన్న మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను గుణం అది. పైన ఎంత మంచి తారు పోసినా కింద నేల ఏటా ఊపిరి పీల్చి వదులుతున్నట్టు కదులుతుంది. అంచుల్లో నీరు దిగిన చోట ఒకలా, మధ్యలో ఒకలా. అందుకే మన రోడ్ల మీద గుంతలు లేనిచోట కూడా అలలుంటాయి. ఆ పైన పత్తి లోడు లారీలూ, మిర్చి టిక్కీల ట్రాక్టర్లూ తొక్కుతాయి. జర్మనీలో నున్నటి రోడ్డు మీద మజా ఇచ్చే గట్టి బండి ఇక్కడ వేరే బండి అయిపోతుంది.

ఇక టైరు. గాలి టైరు పుట్టిందే ఆరామ్ కోసం. 1887లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపు తగ్గించడానికి చేశాడు దాన్ని. అంటే కుదుపును మొదట మింగేది గాలి, ఆ తర్వాతే స్ప్రింగు. ఆ జీటీకి కంపెనీ ఇచ్చిన టైరు 195/55 ఆర్16. 195 మిల్లీమీటర్ల వెడల్పులో 55 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 107 మిల్లీమీటర్లు. పాత ఓనర్ వేసింది 205/45 ఆర్17. దాని పక్కగోడ 92. పదిహేను మిల్లీమీటర్ల గాలి మెత్త పోయి, దాని స్థానంలో ఇనుములాంటి అల్లాయ్ వచ్చింది. పైగా ఆ చక్రం బరువెక్కువ. బరువైన చక్రం గతుకెక్కి ఎగిరితే స్ప్రింగు దాన్ని మళ్లీ నేలకు తెచ్చేలోపు ఇంకో గతుకు వస్తుంది.

మనిషి ఒంటికి సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు పైకీ కిందికీ వచ్చే కుదుపు అన్నిటికంటే ఎక్కువ తకలీఫ్ ఇస్తుంది. వెన్నూ పొట్టా ఆ లయకే ఊగుతాయి కాబట్టి. మంచి కారు బాడీ సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగేలా స్ప్రింగులు పెడతారు. నడిచే మనిషి అడుగుల లయకు దగ్గరగా ఉంటుంది, ఒంటికి అలవాటైన ఊపు. స్ప్రింగు గట్టిపడేకొద్దీ ఆ లెక్క పైకి పోతుంది.

ఉస్తాద్ బండి ఎత్తి చూపించాడు. పొట్టి స్ప్రింగు వేసినందువల్ల చక్రం పైకి లేవడానికి ఉన్న జాగా సగం పోయింది. చిన్న స్పీడ్ బ్రేకర్‌కే షాక్ అబ్జార్బర్ లోపలి బంప్ స్టాప్ తగులుతోంది. ఆ నురగ ముక్క రెండు పక్కలా అరిగి పొడి పొడి. “స్ప్రింగు పని రబ్బరు చేస్తోంది భాయ్, రబ్బరు పని అమ్మీ నడుం చేస్తోంది” అన్నాడు. ఇంతకంటే సాఫ్‌గా ఏ పుస్తకమూ చెప్పదు.

స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు మెత్తదనం ఇస్తాయని చాలామంది అమ్ముతారు. భాంజా అవి వేద్దామన్నాడు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. చుట్టుకీ చుట్టుకీ మధ్య అడ్డం పెడితే స్ప్రింగు ఇంకా గట్టిపడుతుంది, బండి కాస్త ఎత్తు లేస్తుంది, అంతే. ఆయన మాటే సరైనదని నాకూ అనిపించింది. వాడిపోయిన స్ప్రింగు మీద ఎక్కువ లోడు మోసేవాళ్లకు పనికొస్తే రావచ్చు. వెన్ను నొప్పికి కాదు.

ఖర్చు లేని పనులు ముందు చేశాం. టైర్లలో గాలి 40 ఉంది. పంక్చర్ షాపుల్లో అందరికీ ఒకటే కొట్టేస్తారు. బండికి అతికించిన స్టిక్కర్ మీదున్న అంకెకు తెచ్చాం, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి. అదొక్కటే పావు వంతు తేడా చూపించింది. రెండోది అమ్మీ సీటు. మన ఇళ్లలో మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక. ఎవరూ పెట్టని ఖానూన్ అది. చిన్న కారులో వెనక సీటు వెనక చక్రాల మీదే ఉంటుంది, ప్రతి దెబ్బా నేరుగా వచ్చేది అక్కడికే. ముందు సీటు రెండు ఇరుసుల మధ్యలోకి వస్తుంది. అమ్మీని ముందు కూర్చోబెట్టి, సీటు వీపు కొంచెం వాల్చి, కాళ్లు చాపుకునేలా వెనక్కి జరిపాం. “బావగారు వెనక కూర్చుంటే నేను ముందా?” అని సిగ్గుపడింది. బావగారు వెనక కూర్చుని రెండు గతుకులు తిన్నాక బండి బాగు చేయించడానికి పైసలు తనే తీశారు.

స్పాంజి దిండు కొనబోతే మా వీధి నూర్‌బాషా చాచా వద్దన్నారు. తాతల నాటి నుంచి దూది ఏకి పరుపులు కుట్టిన ఖాందాన్. మరీ మెత్తటి పరుపు మీద పడుకుంటే నడుం దిగబడి పొద్దున్నే పట్టేస్తుంది, గడ్డకట్టిన దూది ఎముకకు తగుల్తుంది, మనిషిని మోస్తూనే లొంగేదే పరుపు అన్నారు. సీటు కొలత తీసుకుని, ఏకిన పత్తితో నడుం దగ్గర పెట్టుకునే చిన్న గద్దె ఒకటి కుట్టిచ్చారు.

అసలు పని చక్రాలూ స్ప్రింగులూ. 17 అంగుళాల సెట్ అమ్మి, అదే మోడల్ నుంచి తీసిన 16 సెట్ కొన్నాం, కొంచెం పైన కలపాల్సి వచ్చింది. మొదటి జీటీలు 15 మీదే వచ్చేవి, దానికి దిగితే ఇంకా మెత్తగా ఉంటుందని నేను. “మామూ, సైకిల్ లాగుంటుంది” అని వాడు. వాడి ఇజ్జత్ కూడా ఈ హిసాబ్‌లో ఉంది కదా, 16 దగ్గర రాజీ. టైర్లు మాత్రం రేసు పేరున్నవి కాకుండా పక్కగోడ మెత్తగా ఉండేవి తీసుకున్నాం. కంపెనీ కొలత స్ప్రింగులు, నాలుగు కొత్త షాక్ అబ్జార్బర్లు, బంప్ స్టాప్‌లు, ముందు స్ట్రట్ల పైనుండే రబ్బరు మౌంట్లు వేశారు. షాక్ అబ్జార్బర్ లేని స్ప్రింగు ఊయలే. ఎగిరిన దాన్ని ఒక ఊపులో ఆపేది అదే. ఇంకో మాట. కంపెనీ లెక్కకు విరుద్ధంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేపు యాక్సిడెంటైతే ఇన్సూరెన్స్ వాళ్లు ఏ పేజీ తిప్పుతారో ఆలోచించుకోండి.

భాంజా మొహం చిన్నబోయే ఉంది. బండి రెండు వేళ్లు ఎత్తు లేచింది, చిరుత కాస్తా ఇంటి పిల్లి అయిందన్నాడు. చిలకలూరిపేట దాటి ఆరు లేన్ల హైవే ఎక్కే ముందు, పాత రోడ్డు మీదున్న అలల మలుపు తీసుకున్నాడు. మునుపు అక్కడ బండి పక్కకు గంతు వేసేది, స్టీరింగ్ బిగబట్టేవాడు. ఈసారి నేలకు అంటుకున్నట్టు తిరిగింది. నా వైపు చూసి ఏమీ అనలేదు. మన రోడ్డు మీద గట్టి బండి అంటే ఎగిరే బండి. చక్రం గాల్లో ఉన్నంతసేపూ దానికి పట్టూ ఉండదు, బ్రేకూ ఉండదు. ఆరామ్ కావాలంటే స్పీడు వదులుకోవాలనే మాట బాగా చదును చేసిన రోడ్లున్న చోట నిజమేమో. రేగడి మీద ఆ రెండూ ఒకే వైపు ఉన్నాయి.

స్పీడ్ బ్రేకర్లు మాత్రం వాడి కాలి కిందే ఉన్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, 25 కిలోమీటర్ల వేగంలో దాటొచ్చు. ఊళ్ల దగ్గర మూర వెడల్పుతో గోడలా కట్టినవాటికి ఏ స్ప్రింగూ జవాబు కాదు. నడక వేగానికి తగ్గించి, దాటే ముందే బ్రేకు వదిలేయమన్నాడు ఉస్తాద్. బ్రేకు మీద ఉంటే ముక్కు దిగి దెబ్బ రెట్టింపవుతుంది.

అమ్మీ మూడుసార్లు డాక్టర్ దగ్గరికి వచ్చింది. రెండోసారి తిరుగు దారిలో యడ్లపాడు దగ్గర నిద్రపోయింది. మూడోసారి దారిలోనే, వచ్చే నెల ఇంకొల్లులో ఉన్న ఖాలా ఇంటికి కూడా పోదాం అంది. వెనక సీటు ఇంకా కాస్త గట్టిగానే ఉందని ఆపా చెబుతోంది. వెనక బీమ్ బుష్‌లు చూడాలట. మిర్చి సీజన్ అయ్యి వాడి చేతికి పైసలొచ్చాక ఆ పని పెట్టుకుందామని ఉస్తాద్‌కు చెప్పి ఉంచాం.