తత్త్వము కూడు పెట్టునా?

మొన్న కంచికచర్లలో మా బంధువుల యింట నొక వివాదము పుట్టినది. పెద్దకూఁతురు తత్త్వశాస్త్రము చదివెద ననఁగా, తండ్రి ప్రత్తి కాటా రసీదు ముందుఁ బెట్టి, "తత్త్వము కూడు పెట్టునా? అర్థశాస్త్రమో, సైన్సో చదువుము" అనెను. నడుమ మేము తీర్పరులమై కూర్చుండవలసి వచ్చెను.

తండ్రిని మేము తప్పు పట్టలేదు. మెట్టసేద్యగానికి ఒక యేఁడు ధర పడిపోయిన, అప్పు రెండేండ్లు వెంటనంటి వచ్చును. అయినను ఆయన చెప్పిన శాస్త్రములు తత్త్వమునకు నిజముగా నంత దూరమా? గుంటూరు మండలమందలి సంగంజాగర్లమూడిలో 1924లో జన్మించిన కొత్త సచ్చిదానందమూర్తిగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున తత్త్వశాస్త్రాచార్యులుగా నుండిరి. అద్వైతమున శ్రుతికిని యుక్తికిని గల సంబంధమును విమర్శించిన వారి గ్రంథము 1959లో వెలువడెను. 1964లో భారత విదేశాంగనీతిని గూర్చిన గ్రంథము వచ్చెను. శ్రుతివాక్యమునే యుక్తితోఁ బరీక్షింపఁ బూనిన బుద్ధి ప్రభుత్వపు విధానమును బరీక్షింపక యూరకుండునా? 1975 నుండి 1978 వఱకు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరుగను, 1986 నుండి 1989 వఱకు విశ్వవిద్యాలయ నిధుల సంఘమునకు ఉపాధ్యక్షులుగను వారు పనిచేసిరి. సైన్సునకును అర్థశాస్త్రమునకును నిధులు సమకూర్చు సంఘమున నొక తత్త్వవేత్త కూర్చుండెనన్నమాట. వారి ముఖ్యగ్రంథములు ఆంగ్లమున నుండుటచే మన యిండ్లలోఁ బెక్కింటి కందకపోవుట మాత్రము మాకు కొఱఁతగానే తోఁచును.

"వారికిఁ గూడు తక్కువ కాలేదు గదా" అని మేమనఁగా, తండ్రి నవ్వి, "అందఱును మూర్తిగారు కాలేరు" అనెను. నిజమే. మాకు బదులు తోఁచలేదు.

అంతవఱకు తలవంచుకొని యున్న యమ్మాయి మెల్లగా, "నాన్నా! 1967లో సాగరు కాలువలకు నీరు వదలిరి. మఱుసటి యేఁడే మన యూర దొంగతనపు నింద మోపి కోటేశను దళితుని సజీవముగాఁ గాల్చి చంపిరి. నీటి లెక్క వేయు శాస్త్రము మనకున్నది. ఒక మనిషి ప్రాణముకంటె దొంగసొత్తు విలువ యెక్కువ యని యెంచిన బుద్ధిని బరీక్షించు శాస్త్ర మేది? నాకది చదువవలెనని యున్నది" అనెను.

ఆ మాట ఆ యింట నింతకుమున్నెవ్వరును బైకి ననలేదు. తల్లి వంటయింటి గుమ్మముకడ నిలిచిపోయినది. తండ్రి చాలసేపు వీథివంక చూచుచుండెను. పిమ్మట రసీదు మడిచి జేబులో నుంచుకొని, ఫీజెంత యగునని మాత్రము అడిగెను.