నవ్వించబోయి...

మాది జైనూర్. "నువ్వు మాట్లాడితేనే నవ్వొస్తదిరా" అని హాస్టల్ మిత్రులంటే నిజమే కాబోలనుకొని, కాలేజీ వార్షికోత్సవంలో ఒంటరిగా మైకు ముందు నిలబడ్డాను. బట్టీ పట్టిన జోకులకు ఒక్కరూ నవ్వలేదు. కంగారులో మా ఊరి గోండు మిత్రుడి తెలుగు యాసను అనుకరించాను. హాలంతా గొల్లుమంది. వాడు మాత్రం తల దించుకున్నాడు.

మరుసటి వారం మా నాటకాల మాస్టారు 'అద్దం ఆట' ఆడించారు. అమెరికాలో వయోలా స్పోలిన్ 1963లో అచ్చు వేయించిన నటనాభ్యాసాల పుస్తకంలోనిదట. ఎదుటివాడిని చూస్తూ, అతడెలా కదిలితే మనమూ అలాగే కదలాలి. నాకు జోడీగా వాడే వచ్చాడు! వాడి ముఖంలోకి చూసే ధైర్యం చాలలేదు.

ఆట అయ్యాక వాడే అన్నాడు: "దండారిల గుస్సాడీని చూడలేదారా? జనం మధ్యలకొచ్చి ఆట పట్టిస్తడు. అయితే ఎవల మొఖం చిన్నబోతదో చూస్కుంటనే ఆడుతడు. నువ్వేమో మైకునే చూసినవ్."

2024లో కన్నుమూసిన మా మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ తెచ్చిన నృత్యం అది. ఏటా దీపావళికి చూస్తున్నా, నాకు నెమలి ఈకల టోపీయే కనిపించింది గానీ, ఆ చూపు కనిపించలేదు.

ఈ ఏడు మళ్లీ మైకు పట్టాను. జోకులు పేలక చెమటలు కక్కిన నా కథే చెప్పాను. మొదటి వరుసలో వాడు పగలబడి నవ్వాడు. అంతకన్నా పెద్ద బహుమతి ఏ కమిటీ ఇస్తుంది?