ఐదో ఏటి డబ్బు

2024 జూలైలో ఒక ఆదివారం పొద్దున బీరువా తెరిచి మా అత్తగారి ఇంటి పత్రాలన్నీ మంచం మీద పరిచాను. అశోక్‌నగర్ గల్లీలో నూట పది గజాల ఇల్లు. కింద మేముంటాం, పై పోర్షన్‌లో రెండు రూములు అద్దెకిస్తాం. దస్తావేజు మడతల దగ్గర చిరుగు పడుతోంది. అత్తగారి సంతకం సిరా వెలిసి గోధుమరంగుకి తిరిగింది. నా చేతిలో బ్యాంకువాళ్ళు రాసిచ్చిన చీటీ ఉంది: ఒరిజినల్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రసీదు. చదువు అప్పు ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఆస్తి తాకట్టు పెట్టాలి. మేం అడిగింది 20 లక్షలు.

మా అమ్మాయి ముందు రెండు సీట్లున్నాయి. ఒకటి చెన్నై దగ్గర ఒక డీమ్డ్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్. ఫీజు, హాస్టల్, మెస్, రాకపోకలు అన్నీ కలిపి నాలుగేళ్ళకి 22 లక్షలు. రెండోది ఉస్మానియా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్. ఎప్‌సెట్ ర్యాంకు పదివేల లోపే వచ్చింది గానీ క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్స్‌కి అది చాలదు. ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దగ్గర్లో, నారాయణగూడ కేశవ్ మెమోరియల్‌లో సీఎస్‌ఈ కూడా వెబ్ ఆప్షన్లలో పెట్టాం, అందలేదు. ఉస్మానియాలో మాకు ఏడాదికి అన్ని ఫీజులూ కలిపి 50 వేల లోపే. ఫీజు రీయింబర్స్‌మెంటుకి పట్నంలో ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. మా ఆయన ప్రింటింగ్ ప్రెస్ జీతం, నా టీచరు జీతం కలిస్తే అది దాటిపోతుంది. ఏ సీటు తీసుకున్నా ప్రతి రూపాయీ మా చేతి నుంచే వెళ్ళాలి.

అంత తేడా ఉన్నప్పుడు ఆలోచించడానికి ఏముందని అడగొచ్చు. నాకు ఉంది. అది 1993 నాటిది.

ఆ ఏడాది నేను ఇంటర్ పూర్తి చేశాను. ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో తీర్పు చెప్పింది. ఆ కేసులో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే ప్రతివాది. ఆ తీర్పుతో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అయ్యాయి. నా ర్యాంకుకి ఫ్రీ సీటు రాలేదు, పేమెంట్ సీటు వచ్చేది. మా నాన్న గుమాస్తా. రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి నారాయణగూడ రెడ్డి విమెన్స్ కాలేజీలో బీఎస్సీ మ్యాథ్స్‌లో చేర్పించాడు. మంచి కాలేజీ. అక్కడి లెక్కలే ఈ రోజుకీ నాకు అన్నం పెడుతున్నాయి. అయినా డబ్బు లేక సీటు వదులుకోవడం నా కూతురికి జరగకూడదని అది పుట్టినప్పుడే అనుకున్నాను.

ఆ పట్టుదలతోనే ఏప్రిల్ చివర్లో, ఎప్‌సెట్ పరీక్షైనా రాయకముందే, ఆ డీమ్డ్ యూనివర్సిటీకి లక్ష రూపాయలు కట్టి సీటు ఖాయం చేసుకున్నాను. ఆ లక్ష నా చిట్టీ డబ్బు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, సీఎస్‌ఈ తప్ప ఇంకేదీ చూడకు, అప్పు అదే తీరుతుంది" అన్నాడు. వాడు అలాగే చదివాడు, వాడి అప్పు అలాగే తీరింది. వాడి మాట తేలిగ్గా తీసేయలేను.

ఆ ఆదివారం పత్రాల పక్కనే లోను అప్లికేషను కూడా ఉంది. మా అమ్మాయి దాన్ని తిరగేస్తూ అడిగింది: "అమ్మా, ఇక్కడ బారోవర్ అని నా పేరుంది. నువ్వూ నాన్నా కో-బారోవర్లు. అంటే అప్పు నాదా?"

నాకు జవాబు దొరకలేదు. అప్పటిదాకా దానికి చదువు కొనిస్తున్నాననే అనుకుంటున్నాను.

లెక్కల టీచర్ని. కాగితం తీసుకుని కూర్చున్నాను. 22 లక్షల్లో మా వాటా 2 లక్షలు, మిగతా 20 లక్షలు బ్యాంకుది. ఏడాదికి 5 లక్షల చొప్పున విడుదల చేస్తారు. వడ్డీ పదిన్నర శాతం. చదివే నాలుగేళ్ళూ, ఆ పైన ఇంకో ఏడాదీ కిస్తీ ఉండదు, అందుకే అందరికీ తేలిగ్గా కనిపిస్తుంది. కానీ ఆ ఐదేళ్ళూ బారువడ్డీ పడుతూనే ఉంటుంది. మొదటి ఏడు తీసుకున్న 5 లక్షల మీద ఐదేళ్ళకి, రెండో ఏడు తీసుకున్నదాని మీద నాలుగేళ్ళకి, అలా కలిపితే వడ్డీయే 7 లక్షల 35 వేలు. కిస్తీలు మొదలయ్యే రోజుకి అప్పు 27 లక్షల 35 వేలు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 36,900. మొత్తం చెల్లించేది 44 లక్షలకి పైనే.

పెద్ద ఐటీ సర్వీసు కంపెనీలు క్యాంపస్‌లో కొత్తవాళ్ళకిచ్చే మామూలు ప్యాకేజీ ఏళ్ళ తరబడి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. అంటే నెలకి 30 వేలు కూడా లేదు. పెద్ద ప్యాకేజీలు వచ్చేవాళ్ళకి వస్తాయి. మా అమ్మాయికీ రావచ్చు. కానీ మామూలు ప్యాకేజీ వస్తే జీతం మొత్తం కట్టినా కిస్తీకి చాలదు. వడ్డీ మీద 80ఈ కింద పన్ను మినహాయింపు ఉందని లోను ఏజెంటు పదేపదే చెప్పాడు. ఉన్నమాట నిజమే, ఎనిమిదేళ్ళపాటు, అదీ పాత పన్ను పద్ధతిలోనే. మూడున్నర లక్షల జీతానికి అసలు పన్నే పడదు. ఇక మినహాయింపు దేనికి?

ఈ లెక్క రాస్తుండగా పైనుంచి కుర్చీ జరిపిన చప్పుడైంది. అప్పుడు సూర్యాపేట అబ్బాయి గుర్తొచ్చాడు.

మా పై రూముల్లో ఉండేది గ్రూప్స్‌కి చదివే పిల్లలే. అశోక్‌నగర్‌లో చాలా ఇళ్ళ పై రూములు వాళ్ళవే. పొద్దున ఆరింటికే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి సీటు పట్టుకోవడానికి వెళ్తారు. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను, వచ్చేవాళ్ళలో సగంమందికి పైగా బీటెక్‌లే. సూర్యాపేట అబ్బాయి 2021లో వచ్చాడు. ఊరవతల ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్. ర్యాంకు పదివేలు దాటడంతో రీయింబర్స్‌మెంట్ 35 వేలకే ఆగింది. మిగతా ఫీజుకీ హాస్టల్‌కీ 4 లక్షల లోను, అది చాలక అరెకరం అమ్మకం. 2022 జనవరి నుంచి నెలకి 12 వేలు కిస్తీ. ఐదో తారీఖు బ్యాంకు మెసేజ్ వచ్చేది. నాకెలా తెలుసంటే, ఆ రోజు ఆ అబ్బాయి లైబ్రరీకి వెళ్ళేవాడు కాదు. అద్దె రెండు విడతల్లో ఇచ్చేవాడు, రెండోసారి ఇచ్చేటప్పుడు నా మొహం చూసేవాడు కాదు.

2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసి మెయిన్స్‌కి అర్హత సాధించాడు. గల్లీలో స్వీట్లు పంచాడు. మార్చిలో పేపరు లీకైందని పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టారు, దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. అతని రూమ్మేటు అచ్చంపేట అబ్బాయి. సర్కారు కాలేజీలో చదివాడు, అప్పు లేదు. రద్దు వార్త విన్న రాత్రి ఇద్దరూ అన్నం తినలేదు. మర్నాడు పొద్దున అచ్చంపేట అబ్బాయి సంచీ తగిలించుకుని లైబ్రరీకి వెళ్ళాడు. సూర్యాపేట అబ్బాయి నెల తిరక్కుండా మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ ఉద్యోగంలో చేరాడు. తెలివిలో సూర్యాపేట అబ్బాయే ముందు. అచ్చంపేట అబ్బాయి ప్రిలిమ్స్ గట్టెక్కనైనా లేదు. పరీక్ష ఇద్దరికీ ఒకేలా రద్దయింది. ఒకడు ఇంకో ఏడాది ఆగగలిగాడు, ఒకడు ఆగలేకపోయాడు. తేడా నెలకి 12 వేలు.

మా లెక్కలో కిస్తీ దానికి మూడు రెట్లు.

కాలేజీల గురించి అడిగే ప్రతి తల్లీ తండ్రీ నాలుగేళ్ళ ఫీజు గురించే అడుగుతారు. ఐదో ఏడు ఏమవుతుందన్నది నేనూ అడగలేదు. ఇరవై రెండేళ్ళ పిల్లకి నచ్చని ఉద్యోగం కాదనే వీలుందా, గేట్‌కి ఒక ఏడాది కూర్చునే వీలుందా, పరీక్ష వాయిదా పడితే ఆగే వీలుందా అన్నది ఇంటి పత్రాలు బ్యాంకులో ఉన్నాయా బీరువాలో ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నాకు దక్కనిది కూతురికి ఇవ్వాలన్న తొందరలో దాని ఐదో ఏడుని అమ్మేయబోయాను.

మా అమ్మాయి ఏడ్చింది, అది దాచను. స్నేహితురాళ్ళంతా సీఎస్‌ఈ. సివిల్ అనగానే చుట్టాలు జాలిగా చూశారు. నేను బలవంతం చేయలేదు, లెక్క కాగితం దానికిచ్చి రెండు రోజులు ఊరుకున్నాను. అది పైకి వెళ్ళి అచ్చంపేట అబ్బాయితో మాట్లాడి వచ్చింది. ఇంజనీరు పోస్టుల నోటిఫికేషన్లలో సివిల్ వాళ్ళకే ఎక్కువ ఖాళీలు ఉంటాయని, గేట్‌లో మంచి స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 స్టైపెండ్ వస్తుందని రాసుకుని వచ్చింది. మర్నాడు, "ఉస్మానియాలో రిపోర్ట్ చేద్దాం నాన్నా" అని వాళ్ళ నాన్నకి చెప్పింది, నాకు కాదు. ఆ కాలేజీ 1929 నాటిది, తొలి రోజుల్లో ఇంజనీరింగ్ పాఠాలు కూడా ఉర్దూలోనే చెప్పేవారని మా ఆయన ఆ సాయంత్రమంతా దానికి చెబుతూ కూర్చున్నాడు.

ముందు కట్టిన లక్ష సంగతి విడిగా చెప్పాలి, చాలామంది అది పోయిందనే అనుకుంటారు. సీటు వద్దని జూలైలో రాస్తే, తమ నిబంధనల ప్రకారం కొంతే వెనక్కిస్తామని ఆ యూనివర్సిటీవాళ్ళు అన్నారు. ఆ విద్యా సంవత్సరానికి యూజీసీ విధానం వేరు: సెప్టెంబరు 30 లోపు రద్దు చేసుకుంటే మొత్తం ఫీజు తిరిగివ్వాలి, అక్టోబరు 31 దాకా అయితే వెయ్యికి మించి కోయకూడదు. ఆ తేదీలు చూపిస్తూ మూడు మెయిళ్ళు పెట్టాను. అక్టోబరులో లక్షా వచ్చింది. తేదీలు ఏటా మారతాయి, కట్టేముందే చూసుకోండి.

ఇప్పుడు మా అమ్మాయి బస్సులో వెళ్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి చార్జీ లేదు కాబట్టి ఆ ఖర్చూ లేదు. ఎన్‌పీటెల్‌లో ప్రోగ్రామింగ్ కోర్సులు ఉచితంగా వింటోంది, పరీక్ష రాస్తే వెయ్యి రూపాయలు. పై రూముల అద్దె 12 వేలలో 6 వేలు దాని ఫీజుకీ పుస్తకాలకీ. మిగతా 6 వేలు 2024 ఆగస్టు నుంచి పోస్టాఫీసులో ఐదేళ్ళ ఆర్‌డీ, వడ్డీ 6.7 శాతం. 2028లో డిగ్రీ అవుతుంది. 2029 ఆగస్టులో ఆర్‌డీ దాదాపు 4 లక్షల 28 వేలై చేతికొస్తుంది. పాస్‌బుక్ అట్ట మీద "ఐదో ఏడు" అని రాసి అత్తగారి దస్తావేజు పక్కన పెట్టాను.

సూర్యాపేట అబ్బాయి మొన్న సంక్రాంతి వెళ్ళాక వచ్చాడు. రూము ఖాళీ చేసినప్పుడు తాడుతో కట్టిన పుస్తకాల మూట మా అటక మీదే వదిలాడు. తీసుకెళ్తాడేమో అనుకుని స్టూలు తెచ్చాను. అతను అటక కేసి చూసి, "ఇంకా పదకొండు కిస్తీలున్నాయి ఆంటీ, అప్పటిదాకా ఉంచండి" అన్నాడు. మూట మీది దుమ్ము తుడిచి, ఎలకలు కొట్టకుండా పాత దుప్పటి చుట్టి మళ్ళీ పైన పెట్టాను.