మూడు రాయితీ టిక్కెట్లు

మన యానాములో రైలుకూత వినబడదు. 30 చదరపు కిలోమీటర్ల యీ చిన్న ప్రాంతమునకు గోదావరి యున్నది. 2002వ సంవత్సరము మొదలు ఎదుర్లంకకు పోవ వంతెన యున్నది. రైలుమార్గము మాత్రము లేదు. 1928లో కాకినాడనుండి రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా కోటిపల్లికి వేసిన మార్గము మనకు చేరువగా పోయినదే గాని మన యూరికి రాలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున దాని పట్టాలను సైతము ఊడదీసిరి. మరల 2004లో గాని ఆ దారిని బండి నడువలేదు. కావున దూరప్రయాణమునకు రైలెక్కవలెనన్నచో మనము తాళ్ళరేవు మీదుగా బస్సులో కాకినాడకు పోవలసినదే. ఇందుచేత మన పిల్లలలో పలువురికి రైలుప్రయాణ మొక పండుగ. టిక్కెట్లు సంపాదించుట ఆ పండుగకు ముందుండు పెద్ద పని. ఆ పనిలో నేను నేర్చుకొనిన పాఠమొకటి కలదు. నేర్పవలసినవాడను నేనై యుండియు నేర్చుకొంటిని గనుక, దానిని మీ యెదుట దాచక చెప్పుట నాకు ధర్మము.

2012వ సంవత్సరారంభమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థులను పుదుచ్చేరికి తీసికొనిపోవలెనని మేము సంకల్పించితిమి. 1954లో ఫ్రెంచి పాలన ముగిసిన నాటినుండియు మనకు రాజధాని యదియే. యానామునకు పుదుచ్చేరికి నడుమ సుమారు 870 కిలోమీటర్ల దూరము. అక్కడి జనుల మాట తమిళము, మన మాట తెలుగు. మన దరఖాస్తులు, మన ఉత్తరువులు వచ్చునదియు పోవునదియు ఆ యూరికే యైనను, మన పిల్లలు దానిని పటములో చూచుటయే గాని కన్నులార చూచినవారు తక్కువ. కాకినాడనుండి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నపట్టణమునకు, అక్కడినుండి బస్సులో పుదుచ్చేరికి పోవుటకు ఏర్పాటు చేసికొంటిమి. ఆ బండి తరువాతి కాలమున పుదుచ్చేరి వరకు పొడిగింపబడినది. మా కాలమున ఆ సౌకర్యము లేదు.

విద్యాయాత్రలకు పోవు విద్యార్థులకు రైల్వేవారు రాయితీ నిచ్చుచున్నారు. స్లీపరు తరగతిలోను రెండవ తరగతిలోను సాధారణ విద్యార్థులకు ఛార్జీలో నూటికి 50 వంతులు, షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు 75 వంతులు తగ్గింపు. దీనికై పాఠశాల ప్రధానోపాధ్యాయుడు చేవ్రాలు చేసి ముద్రవేసిన ధ్రువపత్రము కావలెను. రిజర్వేషను కాగితమొక్కదానిపై ఆరుగురి పేర్లు మాత్రమే వ్రాయవీలగును గనుక, 40 మంది పిల్లలకు కాగితముల కట్టయే అవసరమయ్యెను. తప్పులేకుండ జాబితా వ్రాయుటకు మా తరగతిలో దస్తూరి మిక్కిలి చక్కనిదైన ఒక బాలికను నియమించితిని. ఆమె రెండు సాయంకాలములు కూర్చుండి 40 పేర్లను, వయస్సులను ముత్యములవలె వ్రాసియిచ్చెను. ఆ జాబితాలో ఆమె పేరు లేదు. అడుగగా, "నాకు ప్రయాణాలు పడవండి" అని తల వంచుకొనెను. ఆమె తల్లి గంపతో ఇంటింటికి తిరిగి చేపలమ్మి సంసారము నడుపుచున్నది. ప్రయాణములు పడకపోవుటకు కారణమేమియో నాకు తెలియక పోలేదు.

తల్లిదండ్రుల సభలో బేరసారములు మొదలయ్యెను. మొదటి తగవు "సగము" అను మాటపై వచ్చినది. "సగమే అన్నారు గదండీ మాష్టారూ, సగాని కంటే ఎక్కువెందుకు పడింది?" అని ఒక తండ్రి నిలదీసెను. నేను నల్లబల్లపై లెక్క వేసి చూపితిని. రాయితీ అసలు ఛార్జీపైననే గాని రిజర్వేషను రుసుముపై లేదు. మాటవరసకు ఛార్జీ 200 రూపాయలు, రుసుము 20 రూపాయలు అనుకొందము. మొత్తము 220లో సగము 110 అని మనము భ్రమపడుదుము. నిజమునకు 200లో సగము 100, దానికి 20 కలిపి 120 చెల్లింపవలెను. ఆ తండ్రి వ్రేళ్ళపై లెక్కించుకొని, "ఈ ముక్క ముందే చెబితే పోయేది గదండీ" అని నవ్వెను. ముందే చెప్పకపోవుట నా తప్పే.

రెండవ తగవు దానికంటె సున్నితమైనది. ఒకే బెంచీపై కూర్చుండు ఇద్దరు పిల్లలకు రెండు వెలలేల? అందరి సొమ్మును కూడి సమముగా పంచరాదా? అని కొందరనిరి. ఆ మాట పైకి న్యాయముగా తోచును. కాని ఒక విద్యార్థికి చట్టము ఇచ్చిన తగ్గింపును అందరికి పంచినచో, అతనికి దక్కవలసిన మేలును మనము కోసికొన్నట్లే యగును. కనుక ఎవరి రాయితీ వారికే చెందవలెనని తీర్మానించితిమి. ఎవరు ఎంత చెల్లించిరో నలుగురికి తెలియకుండ సొమ్మును విడివిడిగా కవర్లలో పుచ్చుకొంటిమి.

టిక్కెట్లు చేతికి వచ్చినవి. తిరుగు ప్రయాణపు టిక్కెట్లును కాకినాడలోనే కొంటిమి. ప్రయాణము పదిదినము లుండగా ముగ్గురు పిల్లలు మానుకొనిరి. అక్కచెల్లెలి బిడ్డలైన యిద్దరికి ఇంట పెండ్లి కుదిరినది, మూడవవానికి పచ్చకామెర్లు. టిక్కెట్లను రద్దుచేసినచో రైల్వేవారు కొంత సొమ్ము తగ్గించుకొని మిగిలినది తిరిగి ఇత్తురు. ఆ నష్టమెవరు భరింపవలె నను ప్రశ్న వచ్చినది.

అదే సమయమున ఒక పెద్దమనిషి నన్ను వెదకికొని వచ్చెను. తనవారు ముగ్గురు చెన్నపట్టణమునకు పోవలసియున్నదట. ఆ దినమున బండిలో చోటు లేదట. "మీ దగ్గర మూడు ఖాళీలున్నాయని విన్నానండి. పూర్తి ఛార్జీ ఇస్తాను, పైన ఇంకో వంద చొప్పున వేసుకోండి. అంత గుంపులో పేర్లెవరు చూస్తారండీ?" అనెను. ఆలోచించి చెప్పెదనని పంపివేసితిని. వెంటనే కాదనలేకపోతిని, నేను చెప్పవలసిన నిజము ఇదియే.

ఆ రాత్రి కాగితముపై లెక్క వేసితిని. సగము ధరకు కొనినవి పూర్తి ధరకు అమ్మినచో మిగులు సొమ్మెంత? దానికి మూడువందలు కలిపిన నెంత? ఆ సొమ్ముతో జాబితా వ్రాసిన బాలికను ఒక్క కాసు అడుగకుండ తీసికొనిపోవచ్చును. మానుకొనిన వారికి నష్టములేదు, పెద్దమనిషికి పని జరుగును, పేదపిల్ల రాజధానిని చూచును. ఇందులో దోషమెక్కడ నున్నది? లెక్క సరిగానే వచ్చినది. అయినను నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఆ కాగితమును ప్రధానోపాధ్యాయుల యెదుట పెట్టితిని. ఆయన దానిని రెండుమారులు చదివి, "లెక్క బాగానే ఉందండీ. కాని ఆ తగ్గింపు మనది కాదు. విద్యార్థి అని నేను సంతకం చేస్తే ఇచ్చారు. విద్యార్థి కానివాడికి అమ్మితే నా సంతకాన్నే అమ్మినట్టు కదా?" అనిరి. నాకు మారుమాట తోచలేదు. తరువాత చట్టమును చూచితిని. 1989వ సంవత్సరపు రైల్వే చట్టములోని 142వ సెక్షను ప్రకారము, చోటు రిజర్వు చేసిన టిక్కెట్టును ఒకరు మరొకరికి అమ్ముట నేరము. దానికి మూడు నెలల వరకు ఖైదు గాని, 500 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అధికారము లేక టిక్కెట్ల వ్యాపారము చేయువారికి 143వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు ఖైదును, 10,000 రూపాయల వరకు జరిమానాయు కలవు. నేను పుణ్యమనుకొని వేసిన లెక్క నేరముల పట్టికలో నుండెను.

కాని చట్టము తలుపు మూసి ఊరకుండలేదు. కాకినాడ స్టేషనులో విచారింపగా ఒక మంచి మార్గము తెలిసినది. గుర్తింపుగల విద్యాసంస్థ ప్రధానాధికారి, బండి బయలుదేరుటకు 48 గంటలు ముందుగా వ్రాతపూర్వకముగా కోరినచో, ఒక విద్యార్థి పేర నున్న రిజర్వేషనును అదే సంస్థలోని మరియొక విద్యార్థికి మార్పుచేయుదురు. ఒక్కమారే కోరవలెను, గుంపులో నూటికి పదిమందికి మించి మార్పరాదు. మా 40 మందిలో నలుగురి వరకు మార్చుకొనవచ్చునన్నమాట. మాకు కావలసినవి మూడే.

ఈ మార్పులో ఇంకొక మేలున్నది. టిక్కెట్టు రద్దుకాదు గనుక నష్టము లేదు. క్రొత్తగా చేరిన విద్యార్థి చెల్లించు సొమ్ము మానుకొనినవాని తండ్రికి చేరును. ఎవరికిని లాభము లేదు, ఎవరికిని నష్టము లేదు.

ఆ సాయంకాలము నేను ఆ బాలిక ఇంటికి పోయితిని. తల్లి అప్పుడే గంప దించి కాళ్ళు కడుగుకొనుచుండెను. సంగతి చెప్పి, పాఠశాల తరఫున ఆమె కుమార్తె ఖర్చు మేమే భరింతుమంటిని. ఆమె ముఖము చిన్నబోయెను. "ఊరికే వద్దండి బాబూ. రేపు బళ్ళో నలుగురూ ఒక మాటంటే పిల్ల తట్టుకోలేదు. టిక్కెట్టు ఖరీదెంతో సరిగ్గా చెప్పండి, వారానికింత చొప్పున ఇచ్చుకుంటాను" అనెను. ఆమె జీవితమెల్ల బేరమాడుటలోనే గడచినది. ఆనాడు మాత్రము తగ్గింపుమని బేరమాడలేదు. ఉచితముగా ఇచ్చెదమన్న దానికి వెల కట్టుమని బేరమాడెను. అట్టి బేరమును నేను అదివరకు చూచియుండలేదు.

మరునాడు పాఠశాల వసారాలో ఆమెను, కామెర్లు వచ్చిన బాలుని తండ్రిని కలిపితిని. అతడు పడవల మరమ్మతు చేయువాడు. ఆమె నాలుగు వారములన్నది. అతడు, "తొందరేముందమ్మా, వేసవి సెలవుల్లోగా ఇచ్చెయ్యి" అనెను. "అన్నాళ్ళు అప్పుంచుకోనన్నా, ఆరు వారాలు" అని ఆమె తేల్చినది. ఆమెకు చదువు రాకపోయినను ప్రతివారమును చీటీ వ్రాయించుకొని పోయెడిది. ఆరవవారము ముగియకముందే బాకీ తీరినది.

రెండవ చోటునకు మరియొక విద్యార్థి దొరకెను. పేర్లు మార్పించుటలో అదే రాయితీకి అర్హులైన వారినే ఎంచితిమి. మూడవ చోటునకు ఎంత వెదకినను ఎవరును రాలేదు, దానిని రద్దుచేసితిమి. ఆ కొద్ది నష్టమును 39 మందియు పంచుకొనగా తలకు చిల్లర మాత్రమే పడెను. పెద్దమనిషి మరల వచ్చినప్పుడు వీలుకాదంటిని. "చేతికొచ్చిన సొమ్ము వదులుకున్నారండి" అని జాలిపడి పోయెను.

ప్రయాణపు రాత్రి టిక్కెట్టు తనిఖీ అధికారి మా పెట్టెలోనికి వచ్చెను. ఆయన జాబితా చేతబట్టి ఒక్కొక్క పేరునే పిలిచి చూచెను. గుంపులో పేర్లెవరు చూతురన్న మాట నాకు జ్ఞప్తికి వచ్చి ఒడలు జలదరించెను. మార్చిన పేరు వచ్చినప్పుడు ఆ బాలిక లేచి నిలిచి, బెదరక తన పేరును, తరగతిని చెప్పెను. ఆ చోట పరాయివాడు కూర్చుండి యుండినచో, 37 మంది పిల్లల యెదుట వాడు ఒక విద్యార్థి పేర పలుకవలసివచ్చెడిది. నేను అవునని తల యూపవలసివచ్చెడిది. తెల్లవారుజామున ఆమె కిటికీకడ కూర్చుండి, స్టేషను బోర్డులపై తెలుగు పోయి తమిళాక్షరములు వచ్చుటను తోడి బాలికలకు చూపుచుండెను.

బాలబాలికలారా! మీరు రేపు ఇట్టి యాత్రకు పోదురు. 2020 మార్చి 20వ తేదీన రైల్వేవారు వృద్ధులది మొదలుగా పెక్కు రాయితీలను నిలిపివేసినను, విద్యార్థుల రాయితీని నిలిపివేయలేదు. అది కౌంటరులో ధ్రువపత్రము చూపినగాని దొరకదు. తత్కాల్ టిక్కెట్లకు వర్తింపదు. 2024 నవంబరు మొదలు రిజర్వేషను 60 దినములకు ముందు చేసికొన వీలులేదు గనుక, పేర్లను, వయస్సులను ముందే సిద్ధపరచి ఆ దినముననే పోవుట మేలు.

తల్లిదండ్రులారా! తక్కువ ధరకు దొరకిన వస్తువును ఎక్కువ ధరకు అమ్ముకొనుట వ్యాపారమున తప్పుకాదు. కాని రాయితీ సరుకు కాదు. అది చదువుకొను పిల్లకు దేశము ఇచ్చిన దారిఖర్చు. ఆ పిల్ల పోలేనినాడు అది మరియొక పిల్లకు చేరవలెను గాని మన సంచిలోనికి రాకూడదు. ఈ సంగతి నేను పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. చేపల గంప దించి, వెల యెంతో సరిగా చెప్పుమని అడిగిన ఆ తల్లివలన తెలిసికొంటిని.