మూసుకోవలసిన తలుపు



మన క్లోమగ్రంథి కణాల్లో కాల్షియం దాచుకొనే గిడ్డంగి ఒకటుంది. దాన్ని ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అంటారు. కొన్నిచోట్ల దాని పొర కణం పైపొరకు చాలా దగ్గరగా వస్తుంది. మధ్య ఎడం సుమారు 10 నుంచి 30 నానోమీటర్లే. అయినా అవి కలిసిపోవు.

గిడ్డంగి ఖాళీ అయితే, దాని పొరలోని స్టిమ్1 అనే ప్రోటీన్ ఆ దగ్గరి చోటికి చేరి, పైపొరలో ఉన్న ఓరాయ్1 అనే తలుపు తెరిపిస్తుంది. కాల్షియం లోపలికి వస్తుంది. గిడ్డంగి నిండాక తలుపు మూసుకుంటుంది. మనం తిన్న అన్నం అరిగించే ఎంజైములు బయలుదేరేది కాల్షియం ఇచ్చే సంకేతంతోనే.

మితిమీరిన మద్యం, గాల్‌బ్లాడర్ రాళ్లు ఈ క్రమాన్ని చెడగొట్టగలవు. కణంలో కాల్షియం పెరిగి తగ్గకపోతే, ఎంజైములు లోపలే మేల్కొని క్లోమాన్నే అరిగించడం మొదలుపెడతాయి. అదే పాంక్రియాటైటిస్. ఆ నొప్పితో మెలికలు తిరిగే సహోదరుల మంచం పక్కన మేము ప్రార్థన చేశాం.

ప్రియులారా, మేలు చేసేదే హద్దు తప్పితే హాని చేస్తుంది. తాగుడు మానలేకపోతున్నవారు సిగ్గుతో దాక్కోవద్దు. గిడ్డంగి కూడా తన కొరతను పక్కనున్న పొరకు తెలియజేస్తుంది కదా! మాతో చెప్పండి. ప్రార్థిద్దాం, డాక్టరు దగ్గరకూ కలిసే వెళ్దాం.