పులికాటు బురద

మేము పులికాటు సరస్సును చూడబోయినది పక్షుల కొరకు. పుష్యమాసమున ఒక ఉదయము సూళ్లూరుపేటలో రైలు దిగి, బంధువుల యింట కాఫీ పుచ్చుకొని, శ్రీహరికోటకు బోవు రహదారి పట్టితిమి. ఊరు వెనుకబడినంతనే దారికి రెండు ప్రక్కలను నీరే. ఆ దారి చివర 1971 నుండి రాకెట్లను నింగికి బంపుచున్న కేంద్రము గలదు గాని, ఆనాడు మా దృష్టి నీటిమీదనే నిలిచినది.

ఉప్పు కలిసిన నీటి సరస్సులలో, మన దేశమున ఒడిశాలోని చిల్కా తరువాత నిదియే పెద్దది. దక్షిణపు కొన తమిళనాడున నున్నను అధికభాగము ఆంధ్రదేశముననే యున్నది. ఆరణి, కాళంగి నదులు దీనిలో గలియును. ఇసుకతిన్నెల నడిమి ముఖద్వారముల గుండ సముద్రపు పోటు లోనికి వచ్చును. ఈ విస్తారమును జూచి లోతు నూహించినవారు మోసపోవుదురు. సగటున లోతు ఇంచుమించు 1 మీటరు మాత్రమే. మేము చూచుచుండగనే దూరమున నొకడు సరస్సు నడుమ నడిచిపోవుచుండెను; నీరు వాని మోకాళ్లకైన రాలేదు.

నీటి రంగు పాలు పోసిన తేనీటి రంగు. "ఈ మురికినీటికా మన మింత దూరము వచ్చితిమి?" అని మా వదినగారు నిట్టూర్చిరి. నేనును లోలోన నట్లే యనుకొంటిని.

అంతలో పక్షులు కనబడెను. పత్రికలవారు రాజహంసలని వ్రాయు ఫ్లెమింగోలు! తెల్లని మేన గులాబిచాయ. ఆ చాయ పుట్టుకతో వచ్చినది కాదు. వాని పిల్లలు బూడిదవన్నెవి. నాచులో నుండు వర్ణద్రవ్యము, నాచును తిని పెరిగిన చిరుప్రాణుల మూలమునను, ఆ యీకల కెక్కును. మమ్ము నిలువరించినది రంగు గాదు, వాని నడత. అవి ఒక్కచోటనే నిలిచి, గోడకు మట్టి తొక్కు కూలివానివలె, కాళ్లతో బురదను తొక్కుచుండెను. తరువాత ముక్కును తలక్రిందుగా నీట ముంచి, నాలుకతో నీటిని లోనికిని వెలికిని ఆడించును. ముక్కు అంచుననున్న సన్నని పండ్లవంటి వరుసలు జల్లెడవలె మేతను నిలుపును. 2025లో అమెరికా శాస్త్రజ్ఞులు చిలీదేశపు ఫ్లెమింగోలను పరీక్షించి, అవి కాళ్లు కదపుటచేతను, తలను వడిగా పైకి లాగుటచేతను నీటిలో చిన్న సుడులు లేచి, మేత యా సుడులలో జిక్కునని తెలిపిరి. అనగా నీటిని మురికి చేయుట యా పక్షికి వంటపని.

బురదలో నేమున్నదని యడుగవచ్చును. దాని పైపొరపై కంటికి గానరాని డయాటములను నాచుజాతి పలుచని తెరవలె పరచుకొని యుండును. లోతు తక్కువగుటచే వెలుగు అడుగుదాక దిగును. ఆ వెలుగుతో నవి పెరుగును. పురుగులు, నత్తలు, రొయ్యలు వానిని మేయును. వీనిని చేపలు, చేపలను కొంగలు. గాలి లేచినప్పుడు, అల నిడివిలో సగముకంటె లోతు తక్కువైనచో దాని కదలిక అడుగును దాకును. ఇంత లోతులేని నీట చిరుగాలియే చాలును. మన్నుతోబాటు డయాటములును లేచి, నీటిని వడగట్టి తిను ఆలిచిప్పలకు అందును. మన్ను సందులలో దాగిన నత్రజని, భాస్వరము నీట గలియును. గాలి తగ్గి నీరు తేరినపుడు, తేలియాడు నాచునకు అవి ఎరువగును.

తీరము నొద్ద నిద్దరు యానాది స్త్రీలు నీట మోకరిల్లి, చేతులతో అడుగును తడుముచు రొయ్యలు పట్టుచుండిరి. పెద్దామె పండ్లతో చిన్న బుట్టను గరచి పట్టుకొనెను.

"ఇంత మురికిలో రొయ్య ఎట్లు కనబడునమ్మా?" అని వదినగా రడిగిరి.

ఆమె బుట్టను చేతికి దీసికొని నవ్వెను. "కళ్లతో ఏం పనమ్మా, పట్టేది చేతులతో గదా! నీళ్లు కాస్త మడ్డిగా ఉంటేనే మాకు మేలు. తేటగా ఉండే దినాన రొయ్య చేపకు జడిసి బురదలో దూరిపోతాది."

"అట్లయిన నెప్పుడు నిట్లే యుండవలెనా?"

"ఎప్పుడూ ఇట్టే ఉంటే ఇంక మేతేడుంటాదమ్మా? ఎండ తగలక అడుగున పాచి చచ్చిపోతాది. అప్పుడు పొద్దంతా తడిమినా కూరకు గూడా రావు."

నేను పుస్తకములలో జదివిన దానిని ఆమె రెండు మాటలలో జెప్పెను. 1993లో డచ్చి శాస్త్రజ్ఞుడు మార్టెన్ షెఫర్, ఆయన సహచరులు లోతులేని చెరువులను గూర్చి వ్రాసిన దిదియే: అడుగు మొక్కలున్నంతకాలము వాని వేళ్లు మన్నును పట్టియుంచును, నీరు తేటగా నుండును. మొక్కలు పోయెనా, మన్ను విడివడి వెలుగును మూయును. వెలుగు లేనిచో మొక్క మరల మొలవదు. ఒకమారు చెడిన చెరువు కారణము తొలగినను వెంటనే బాగుపడదు. వారు పరిశీలించినవి మంచినీటి చెరువులు గాని, వేరు మన్నును బట్టు న్యాయ మిచటను చెల్లును. పక్షి తొక్కిన బురద కొంతసేపటికి దిగిపోవును. అడుగును గీరుచు లాగు వలలు, ఇంజను పడవల మరలు, వాన కాలువలు దెచ్చు మన్ను దినదినము కలచినచో నీరు తేరుట కెడము చిక్కదు. ముఖద్వారము ఇసుకతో పూడినచో ఆ మన్ను సముద్రమునకు బోవు దారియు మూయబడును. పక్షులకు హాని యన్నప్పుడు మనవంటివారు వినుదురు. ఆ స్త్రీల వ్రేళ్లకు తగులు రొయ్యల లెక్క నడుగువారు అరుదు.

ఆమె బుట్టలోని రొయ్యలు రెండు దోసిళ్లకు మించవు. తెల్లవారుజామున నీట దిగితినని చెప్పెను. అప్పటికి పొద్దు నడినెత్తి కెక్కినది. వదినగారు బేర మాడక వానినన్నింటిని గొనిరి.

ఆ సాయంకాలము బంధువుల యింట నేనును వదినగారును రొయ్యలు వలుచుచుంటిమి. ప్రతి రొయ్య వీపునుండియు తీసి పారవేయు నల్లని దారమును మీ రెరుగుదురు గదా. వదినగా రొకదానిని వ్రేలిపై బరచి, దీపము కడకు జరిగి చూచిరి. మెత్తని నల్లమన్ను, నడుమ నించుక పచ్చన.